పదకొండో నిమిషం

సరిగ్గా పదకొండో నిమిషానికి పోతాదంట.
లారీ కాటా కాడ చీటీలు రాసే ఓబులేసు
గోనెసంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి
నా అంగట్లో నల్లబండ మీద పెట్టినాడు.
"లారీ కాటా ఎక్కేదాకా బాగనే ఉంటాది కుళ్ళాయన్నా,
బరువు కొట్టేలోగా కన్ను మూస్తాది."

ఎర్రగుంట్ల మధ్యాన్నం.
రోడ్డు మీద సిమెంటు లారీలు,
రోడ్డవతల నాపరాయి కోసే రంపాలు.
ఈ ఊర్లో ఏది విప్పినా
ముందు దుమ్మును పలకరించాల.

మాటలు ముందు, స్క్రూడ్రైవరు తర్వాత.
కింద పడిందా? లేదు.
నీళ్ళు? లేదు.
టీ?
ఓబులేసు పైన రేకుల కల్లా చూసినాడు.
"రోంత."
ఎప్పుడు?
"పోయిన ఎండాకాలం. తుడిచినాలే."

ఉబ్బిన బ్యాటరీ ఊడదీసి నడిపితి. పోయింది.
అడాప్టరు మార్చి నాది తగిలిస్తి. పోయింది.
ర్యామ్ తీసి, దాని బంగారు పళ్ళకు
పిల్లోళ్ళ రబ్బరు రుద్ది మళ్ళా పెడితే
మూడుసార్లు కూసి గమ్మునైంది.
పక్క గాట్లో పెడితే లేచింది.
ఇదొక జబ్బే. కానీ ఆ జబ్బు కాదు.
పని నేర్చుకునే రోజుల్లో ఈడ్నే మోసపోతి:
మొదట దొరికినోడే దొంగ అనుకొని
ఎంతమందికో మదర్‌బోర్డు పోయిందని చెప్తి.
అందులో కొన్ని పోయుండవు.
వాళ్ళు బజార్లో ఎదురైతే
ఇప్పటికీ నేనే పక్క సందులోకి తిరుగుతా.

మూత రోంత వెనక్కి వంచితే తెర నల్లబడింది.
టార్చి ఏటవాలుగా పట్టి చూడు, అంటి.
వంగినాడు.
చీకట్లో, బాయి అడుగున రాళ్ళ మాదిరి,
అంకెలు.
నిండు బరువు. ఖాళీ బరువు. బండి నెంబరు.
"ఉండాదే! అంతా ఆడ్నే ఉండాది!"
ఉంటాది. రాత పోలేదు, వెనకాల దీపం పోయింది,
మడత కాడ వైరు నలిగి.
తొమ్మిదేండ్లు తెరిచి మూసిన తలుపు గదా.

ఇంక పదకొండు నిమిషాల సంగతి.
వేలు పెడితి: పెనం.
గాలొచ్చే సందు కాడ అగరొత్తి పడితి:
పొగ నిట్టనిలువుగా పోయింది,
ఎవురూ ఊదనట్టు.

విప్పితి.
ఫ్యానుకూ రేకులకూ నడుమ
దుమ్ము కాదు అది, పరుపు.
సిమెంటుది ఒక వరస, నాపరాయిది ఒక వరస,
టీ తడికి రెండూ కలిసి గట్టిపడి
పుల్లతో లాగితే బిళ్ళ మాదిరి
ఒక్కటిగా ఊడొచ్చింది.
ప్రాసెసరు మీద పేస్టు
వాన లేని రేగడి, నెర్రెలు.

ఓబులేసు ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకున్నాడు.
తొమ్మిదేండ్లుగా వచ్చే లారీ పోయే లారీ
కిలో తేడా రాకుండా రాసినోడు,
చెయ్యి రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి
"ఇది ఏ చీటీలోనూ ఎక్కలా" అన్నాడు.
దగ్గినాడు.
నేనూ దగ్గితి.
దాని గురించి ఇద్దరం మాట్లాడలేదు.

కొత్త పేస్టు, బియ్యపుగింజంత.
ఫ్యాను కుదురులో ఒక చుక్క కుట్టుమిషను నూనె.
వైరుకు టేపు. కొత్తది రేపు ప్రొద్దుటూరు నుంచి వస్తాది,
అందాక ఎక్కువ వంచొద్దు అంటి.
ఆన్ చేసి గోడ గడియారం ముందర కూచుంటిమి.
అయిదు. ఏడు.
బజ్జీల పొట్లం విప్పినాడు గానీ తినలా.
తొమ్మిది.
అగరొత్తి పొగ పక్కకు వంగి పరిగెత్తుతా ఉంది.
పది.
పదిన్నర.

పోయింది.

ఓబులేసు నా మొగం చూసినాడు.
నేను పైకి చూస్తి.
సీలింగు ఫ్యాను కూడా మెల్లగా, మర్యాదగా,
ఆగిపోతా ఉంది.
రోడ్డవతల రంపాలు
కోస్తున్న బండ నడుమ్నే నిలబడిపోయినాయి.

"అన్నా, ఇది ఆ జబ్బేనా?"
కరెంటు.
"ఎట్లా తెలుస్తాది?"
రానీ, మళ్ళా ఒకటి కాడ్నుంచి లెక్కబెడదాం, అంటి.
పొట్లం నాకల్లా జరిపినాడు.